కొమ్మ మీద కొలను

బ్రెజిల్ తూర్పు తీరం వెంట సాగే అట్లాంటిక్ అడవిలో చెరువులు చెట్ల మీద ఉంటాయి. కొమ్మ చీలిన చోటల్లా, నాచు పట్టిన బోదెల మీద, కూలిన మాను మీద కూడా, ఆకుల్ని చుట్టూ పేర్చుకుని కూర్చున్న మొక్కలు కనిపిస్తాయి. వాటి ఆకుల మొదళ్లు వెడల్పుగా, ఒకదాని మీదొకటి బిగుతుగా అతుక్కుని ఉంటాయి. వాన కురిస్తే నీరు ఆకు నడిమి గాడి వెంట జారి మొదట్లోకి చేరుతుంది. అలా చేరిన నీరు రోజుల తరబడి అక్కడే నిలుస్తుంది. వాన వెలిసి, ఎండ కాసి, కింద నేల పొడిబారినా పైన కొమ్మల్లో వేల కొలనులు నిండుగానే ఉంటాయి. కొలంబియాలో పొగమంచు కమ్ముకుని ఉండే ఒక పొట్టి అడవిలో లెక్కగడితే, హెక్టారుకు 50,000 లీటర్ల దాకా నీరు ఈ మొక్కల ఆకుల్లోనే ఉందని తేలింది.

ఇవి బ్రొమీలియడ్‌లు. బ్రెజిల్ పల్లెల్లో గ్రవటా అంటారు. ఈ కుటుంబంలో మన ఇంటి దాకా వచ్చినది అనాస. సింహాచలం కొండ వాలుల్లోనో, సీతంపేట ఏజెన్సీలో సవరల తోటల్లోనో వాన పడి వెలిశాక అనాస మొక్క నడిబొడ్డులోకి వంగి చూడండి. ఆకు మొదట్లో కొద్దిగా నీళ్లు, అందులో ఒకటో రెండో పురుగులు కనిపిస్తాయి. అట్లాంటిక్ అడవిలోని పెద్ద బ్రొమీలియడ్‌లలో ఆ కొద్ది నీళ్లే లీటర్లకు లీటర్లుగా పెరిగి, ఆ పురుగులు ఒక లోకమవుతాయి.

1493లో కొలంబస్ గ్వాడెలూప్ దీవిలో అనాసను చూడడంతో ఐరోపాకు ఈ కుటుంబంతో పరిచయం మొదలైంది. ఆ తర్వాత పోర్చుగీసు ఓడలెక్కి అనాస మన తీరానికి చేరింది. ఫ్రెంచి సన్యాసి, వృక్షశాస్త్రవేత్త షార్ల్ ప్లూమియే, స్వీడన్ వైద్యుడు ఓలోఫ్ బ్రొమీలియస్ గౌరవార్థం ఒక మొక్కను బ్రొమీలియా అన్నారు. స్వీడన్ వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ ఆ పేరునే నిలబెట్టారు. ఇవాళ ఈ కుటుంబంలో 3,700కు పైగా జాతులున్నాయి. అందులో ఒకే ఒక్కటి, పిట్‌కెయిర్నియా ఫెలీసియానా, సముద్రానికి ఇవతల పశ్చిమాఫ్రికాలోని గినీ రాతి కొండల మీద ఉంది. మిగిలినవన్నీ అమెరికా ఖండాలవే. ఏటా కొత్తవి చేరుతూనే ఉన్నాయి.

చెట్టెక్కి కూర్చున్నా ఇవి చెట్టును పీల్చవు. మన మామిడి కొమ్మకు పట్టే బదనిక, కొమ్మలోకి వేరు దించి రసం లాగుతుంది. కొమ్మల మీద బతికే బ్రొమీలియడ్‌కు వేరు చాలా మటుకు పట్టు కోసమే. తిండీ నీళ్లూ ఆకే చూసుకుంటుంది. చాలా జాతుల ఆకు మీద వేలు రాస్తే సన్నని బూడిద పూసినట్టు తగులుతుంది. భూతద్దం పెడితే ఆ బూడిద గుండ్రటి పొలుసులుగా విడిపోతుంది. ఒక్కో పొలుసూ విప్పిన గొడుగులా ఉంటుంది. పైన చక్రంగా పరుచుకున్నవి చచ్చిన కణాలు, కింద ఆకులోకి దిగిన కాడలో ఉన్నవి బతికున్న కణాలు. చుక్క పడగానే పైనున్న ఖాళీ కణాలు నీటితో ఉబ్బుతాయి, కాడ ఆ నీటిని లోపలికి లాక్కుంటుంది. ఎండ తగలగానే చక్రం నడిమి కణాలు కుంగిపోయి, లోపలి తేమ బయటికి పోకుండా దారి మూసుకుంటుంది. వచ్చేదానికి దారి ఉంది, పోయేదానికి లేదు. ఫ్లోరిడా, లూసియానా వైపు ఉంటున్న మన తెలుగువాళ్లు ఓక్ చెట్లకు బారులుగా వేలాడే బూడిదరంగు స్పానిష్ మాస్‌ను చూసే ఉంటారు. పేరులో నాచు ఉన్నా అది టిలాండ్సియా యుస్నియాయిడిస్ అనే బ్రొమీలియడ్. ఎదిగిన మొక్కకు వేర్లే ఉండవు. ఈ పొలుసుల బలంతోనే అది వర్జీనియా నుంచి అర్జెంటీనా దాకా పాకింది.

మళ్లీ ఆ నీళ్ల దగ్గరికి వద్దాం. 19వ శతాబ్దంలో దక్షిణ బ్రెజిల్‌లోని సాంటా కతరీనాలో స్థిరపడిన జర్మన్ ప్రకృతి శాస్త్రవేత్త ఫ్రిట్జ్ ముల్లర్, డార్విన్‌తో ఏళ్ల తరబడి ఉత్తరాలు నడిపినవారు, ఈ ఆకు తొట్లలో ఒక చిన్న ప్రాణిని చూశారు. పీతలకూ రొయ్యలకూ దూరపు చుట్టం. రెండు పెంకుల మధ్య ఒదిగి ఉండే నలుసు. 1880లో దానికి ఎల్పీడియం బ్రొమీలియారం అని పేరు పెట్టారు. ఎగరలేని, నేల మీద నడవలేని ఈ ప్రాణి ఒక చెట్టు మీది నీళ్ల నుంచి మరో చెట్టు మీది నీళ్లలోకి ఎలా వెళ్తుంది? కప్పల చర్మాన్ని పట్టుకుని వెళ్తుందని వందేళ్ల తర్వాత బ్రెజిల్ పరిశోధకులు చూపించారు. కప్ప ఒక తొట్టిలోంచి లేచి మరో తొట్టిలో దూకుతుంది, దాని వంటిని అంటుకున్న ఈ నలుసు కొత్త నీళ్లలో దిగిపోతుంది. కోస్టారికా యువకుడు క్లోడోమిరో పికాడో ఈ తొట్లలోని ప్రాణులన్నిటినీ వరసపెట్టి రాసి, 1913లో పారిస్‌లో తన సిద్ధాంత గ్రంథంగా ప్రచురించారు. పాము విషానికి విరుగుడు మందుల పరిశోధనతో తన దేశంలో ఇంటింటా తెలిసిన మనిషయ్యింది ఆ తర్వాతే.

జమైకా సున్నపురాతి కొండల అడవుల్లో ఉండే ఒక పీత సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. పేరు మెటోపాలియాస్ డిప్రెసస్. సముద్రంతో దానికి పని లేదు, బతుకంతా బ్రొమీలియడ్‌లోనే. తల్లి పీత పిల్లల్ని పెంచడానికి ఒక ఆకు మొదలును ఎంచుకుంటుంది. అందులో రాలి కుళ్లుతున్న ఆకుల్ని లాగి బయట పడేస్తుంది. కుళ్లు ఉంటే నీటిలో ప్రాణవాయువు తరిగిపోతుంది. ఆ తర్వాత ఖాళీ నత్తగుల్లలు మోసుకొచ్చి నీళ్లలో వేస్తుంది. గుల్లలోని సున్నం కరిగి నీటి పులుపు విరుగుతుంది, పిల్లల ఒంటి మీద పెంకు కట్టడానికి కాల్షియం అందుతుంది. పిల్లల్ని తినే తూనీగ పురుగుల్ని చంపుతుంది. పిల్లలు తమంతట తాము బతకగలిగేదాకా వారాల తరబడి తిండి తెచ్చిపెడుతుంది. ఈ పీత గురించి చదివినప్పుడల్లా నా మనసు ఆ నత్తగుల్ల దగ్గరే ఆగిపోతుంది. బొటనవేలంత ప్రాణి, ఆకు మొదట్లో, చారెడు నీళ్లను పిల్లలకు సరిపడేలా దిద్దుకుంటోంది!

గయానాలో కైటూర్ జలపాతపు తుంపర్లలో తడుస్తూ మనిషి ఎత్తును మించి పెరిగే బ్రోకినియా మైక్రాంథా అనే బ్రొమీలియడ్ ఉంది. వేలి కణుపంత బంగారు కప్ప ఒకటి ఆ ఆకుల నడుమే గుడ్లు పెట్టి, తోకకప్పల్ని పెంచుతుంది. పక్కనే వెనెజువెలా బల్లపరుపు కొండల మీద బ్రొమీలియడ్ తొట్టిలో యుట్రిక్యులేరియా అనే పురుగుల్ని తినే మొక్క వేరు కాపురం పెడుతుంది. కాబట్టి అడవిలో ఎవరూ పేరు పెట్టని బ్రొమీలియడ్ ఒకటి దొరికిందంటే దొరికింది మొక్క ఒక్కటే అనుకోకూడదు. దాని నీళ్లలో ఇంకా పేరు లేని పురుగో, నలుసో ఉండొచ్చు.

ఏ మొక్క ఏదో సరిగా తెలియడం ఎంత అవసరమో ట్రినిడాడ్‌లో తేలింది. ఇంత ప్రాణం నిలిచే నీట్లో దోమ కూడా గుడ్లు పెడుతుంది కదా. అక్కడి కోకో తోటల్లో నీడ కోసం పెంచిన ఇమ్మోర్టెల్ చెట్ల నిండా బ్రొమీలియడ్‌లు పట్టాయి. వాటి నీళ్లలో అనాఫిలిస్ బెల్లేటర్ అనే దోమ పెరిగి, కింద పనిచేసే కూలీలకు మలేరియా అంటించేది. నేల మీది గుంటలు పూడ్చితే పోయే దోమ కాదది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో కాలిన్ పిట్టెండ్రీ అనే యువ శాస్త్రవేత్త అక్కడ ఈ మలేరియా మీద పనిచేశారు. దోమను అర్థం చేసుకోవాలంటే ముందు మొక్కను అర్థం చేసుకోవాలని ఆయన గ్రహించారు. ఏ జాతి చిటారు కొమ్మల ఎండలో ఉంటుంది, ఏది అడుగు నీడలో, ఏది నీళ్లు పడుతుంది, ఏది పట్టదు, ఇవన్నీ విడమరచి చూశారు. ద్వీపంలోని బ్రొమీలియడ్‌ల గురించి 1948లో ఆయన ప్రచురించిన వ్యాసాన్ని వృక్షశాస్త్రజ్ఞులు ఇప్పటికీ తిరగేస్తారు. తోటల్లో మాత్రం చెట్ల మీదికి మైలుతుత్తం ద్రావణం చిమ్మి బ్రొమీలియడ్‌లను చంపారు.

సాంటా కతరీనాలో అదే కథ ఇంకా బాధగా నడిచింది. మలేరియా పోవాలని ఊళ్ల చుట్టూ ఉన్న చెట్ల మీంచి బ్రొమీలియడ్‌లను చేతులతో పెరికించారు, కొన్ని చోట్ల అడవినే నరికించారు. ఆ పనిలో మొక్కల లెక్క చూడడానికి చేరిన వృక్షశాస్త్రజ్ఞుల్లో రౌలీనో రైట్జ్ అనే క్రైస్తవ మతాచార్యుడు ఉన్నారు. అంతకుముందే, 1942లో, ఇటజాయి పట్టణంలో ఒక హెర్బేరియం, అంటే ఎండబెట్టిన మొక్కల నమూనాల భాండాగారం, స్థాపించిన మనిషి. శాస్త్రానికి తెలియని జాతుల్ని ఆ అడవుల్లోంచే ఆయన వెలికితీశారు. నిర్మూలించాల్సిన వస్తువుగా ఒక మొక్కను చేతిలోకి తీసుకుని, ఇది ఇంతవరకు ఎవరూ చూడనిదని గుర్తుపట్టడం ఎలాంటి అనుభవమో ఊహించుకోవలసిందే. మందు లేక జ్వరంతో పోతున్న పల్లెలకు ఆ నరుకుడు తప్పు అని చెప్పే ధైర్యం నాకు లేదు. పోయిన కొమ్మల మీద ఇంకా ఏమేం ఉండేవో అన్న దిగులు మాత్రం పోదు.

కొత్త జాతిని కనిపెట్టడమంటే అడవిలో ఎదురుపడగానే గుర్తుపట్టడం అనుకుంటాం. అడవిలో జరిగేది మొదటి అడుగే. చెట్టెక్కి, ముళ్ల అంచుల ఆకుల్లో చేతులు గీరుకుంటూ, చీమలు కుడుతుంటే మొక్కను పెకిలించి కిందికి దించాలి. తలకిందులు చేస్తే బకెట్ నీళ్లు, బురద, ఆకు చెత్త నెత్తిన పడతాయి. మిగతా మొక్కల్ని కాగితాల మధ్య పెట్టి అదిమి ఆరబెట్టినట్టు దీన్ని ఆరబెట్టలేం. ఆకుల్ని ముక్కలుగా కోసి, పూలకంకిని నిలువునా చీల్చి, ఒక్కో ముక్కకూ చీటీ కట్టాలి. పూలను విడిగా ఆల్కహాలులో వేయాలి. రంగులు అక్కడికక్కడే నోటుపుస్తకంలో రాసుకోవాలి, ఎందుకంటే ఎండాక అన్నీ గోధుమరంగే.

అసలు పువ్వు ఉంటేనే ఇదంతా. ఆకులు చూసి బ్రొమీలియడ్‌కు పేరు చెప్పడం చాలాసార్లు కుదరదు. చాలా జాతుల్లో ఒక మొక్క ఒక్కసారే పూస్తుంది. పూశాక పక్కన పిలకలు పెట్టి తల్లి మొక్క మెల్లగా చచ్చిపోతుంది. పువ్వు లేని రోజున దొరికితే, ఒక పిలకను తెచ్చుకుని తోటలో నాటి, పూసేదాకా ఏళ్ల తరబడి చూడాల్సిందే. తొందర ఉన్న పెంపకందారులు మొక్కతో పాటు పండిన ఆపిల్ ఒకటి సంచిలో పెట్టి మూతి కడతారు. పండు వదిలే ఎథిలీన్ వాయువు మొక్కను పూతకు తెస్తుంది. మన అనాస రైతులు తోటంతా ఒకేసారి కాయాలని ఎథ్రెల్ కొట్టడం వెనక ఉన్నదీ ఇదే సంగతి. తీరా పూశాక కూడా కొన్ని పూలు చీకటి పడ్డాక విచ్చుకుని, గబ్బిలాలు వచ్చిపోయాక, తెల్లారేసరికి మెత్తబడిపోతాయి. చూడాల్సినవాళ్లు ఆ రాత్రే చూడాలి.

చూడాల్సింది ఎంత చిన్నదో చెప్తాను. బ్లేడుతో పువ్వును నిలువునా కోసి, ఒక రేకును పట్టకారుతో విడదీసి, మొదటి వైపు తిప్పి భూతద్దం కింద పెట్టాలి. రేకు అడుగున, లోపలి వైపు, జంటగా రెండు చిన్న నాలుకలు ఉన్నాయా? ఉంటే అది వ్రీసియా, లేకపోతే టిలాండ్సియా. వందేళ్లకు పైగా ఆ రెండు ప్రజాతుల మధ్య గీసిన గీత ఇదే. ఎండిన నమూనాలో రేకులు ముద్దగా అతుక్కుపోయి ఈ నాలుకలు కనపడక ఎన్నో మొక్కలు ఒకరి ఇంటి నుంచి మరొకరి ఇంటికి తిరిగాయి. ఇంత పరిశీలనా అయ్యాక, ఆ జాతికి సాక్ష్యంగా నిలిచే నమూనా ఒకటి హెర్బేరియంలో భద్రపరచి, వివరణ అచ్చు వేయాలి. 1935 నుంచి 2011 చివరిదాకా వివరణ లాటిన్‌లో ఉంటేనే చెల్లేది. 2012 నుంచి ఇంగ్లీషులో రాసినా చెల్లుతుంది.

20వ శతాబ్దంలో ఈ కుటుంబానికి పెద్ద దిక్కు లైమన్ స్మిత్. మొదట హార్వర్డ్‌లో, తర్వాత స్మిత్‌సోనియన్‌లో పనిచేశారు. ఫ్లోరిడా తోటల మనిషి మల్ఫర్డ్ ఫోస్టర్, ఆయన భార్య రాసీన్ 1939, 1940లలో బ్రెజిల్ అడవుల్లో తిరిగి మోసుకొచ్చిన మొక్కల్లో ఎన్నో కొత్త జాతులు తేలాయి. వాటిని పరిశీలించిందీ స్మితే. అందులో ఒక చిన్న మొక్కకు రాసీన్ పేరు మీద వ్రీసియా రాసినే అని పెట్టారు. 1974 నుంచి 1979 మధ్య రాబర్ట్ డౌన్స్‌తో కలిసి స్మిత్ మూడు సంపుటాల గ్రంథం తెచ్చారు. రెండు వేల పేజీలు దాటిన ఆ గ్రంథంలో, అప్పటికి తెలిసిన సుమారు 2,000 జాతుల్ని, ముఖ్యంగా గింజల్నీ కాయల్నీ ఆధారం చేసుకుని మూడు ఉపకుటుంబాలుగా సర్దారు. దూదిలాంటి వెంట్రుకలతో గాలిలో తేలే గింజలవి ఒక గుంపు, రెక్కలూ తోకలూ ఉన్న గింజలవి రెండోది, పక్షులు తినే పండ్లవి మూడోది.

డీఎన్‌ఏ వచ్చి ఈ ఇంటిని మళ్లీ సర్దింది. 2007లో మూడు ఉపకుటుంబాలు ఎనిమిదయ్యాయి. రేకు మొదటి ఆ నాలుకలు ఒక్కసారి పుట్టి నిలిచిపోయినవి కావనీ, వేర్వేరు శాఖల్లో వస్తూ పోతూ ఉన్నాయనీ బయటపడింది. వాటిని నమ్ముకుని గీసిన గీత నిలవలేదు. 2016లో టిలాండ్సియా వైపు శాఖనంతా తిరగరాశారు. నర్సరీల్లో దశాబ్దాలుగా వ్రీసియా స్ప్లెండెన్స్ అని అమ్ముతున్న చారల ఆకుల, ఎర్రకంకి మొక్క, ఫ్లోరిడా సెల్బీ వృక్ష ఉద్యానంలో బ్రొమీలియడ్‌లను గుర్తించడానికే జీవితం పెట్టిన హ్యారీ లూథర్ పేరు మీద లూథీరియా స్ప్లెండెన్స్ అయింది. ఇలా పేర్లు మార్చేస్తే ఎలా గుర్తుపెట్టుకోవాలని తోటలవాళ్లు విసుక్కుంటారు. ఆ విసుగు నాకు అర్థమవుతుంది. కానీ చుట్టరికం తప్పుగా రాసి ఉందని తెలిశాక దిద్దకుండా ఉండలేం.

ఇప్పుడు ఈ పని చేస్తున్నవాళ్లలో ఎల్టన్ లెమి ఒకరు. రియో డి జనీరో రాష్ట్రంలో ఆయన న్యాయమూర్తి. బ్రొమీలియడ్‌లలో వందలాది జాతులకు వివరణ రాసిన చేయి కూడా అదే. అట్లాంటిక్ అడవిలో ఈ కుటుంబం జాతులు 800కు పైగా ఉంటే, వాటిలో చాలావరకు ప్రపంచంలో ఇంకెక్కడా లేవు. ఆ అడవి ఒకప్పటి విస్తీర్ణంలో ఇప్పుడు మిగిలింది రమారమి ఎనిమిదో వంతని ఎక్కువమంది వేసే లెక్క, అదీ ముక్కలు ముక్కలుగా. ఎస్పీరిటూ సాంటూ రాష్ట్రంలో అడవి మధ్య నుంచి నున్నటి నల్లరాతి కొండలు నిలువునా లేస్తాయి. ఆ రాతి గోడకు, మట్టి అన్నదే లేని చోట, స్టిగ్మాటోడాన్, అల్కాంటారియా ప్రజాతుల మొక్కలు అతుక్కుని పూస్తాయి. కొన్ని జాతులకు ఒకటి రెండు కొండలే ప్రపంచం. అదే రాష్ట్రం బ్రెజిల్‌లో గ్రానైట్ ఎగుమతికి పెట్టింది పేరు. చీమకుర్తిలో, కరీంనగర్‌లో కొండలు పలకలై లారీలెక్కడం చూసిన మనకు ఆ ముప్పు ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. పేరు లేని జాతి అంతరించే ప్రమాదంలో ఉందని ఏ జాబితాలోనూ రాయలేరు. క్వారీకి అనుమతి ఇచ్చే కాగితంలో దాని ప్రస్తావన వచ్చే వీలే లేదు.

మార్గరెట్ మీ అనే చిత్రకారిణిని కూడా ఇక్కడ తలుచుకోవాలి. 1909లో ఇంగ్లండులో పుట్టి, 1952లో బ్రెజిల్ చేరారు. 1956 నుంచి 1988లో చనిపోయేదాకా అమెజాన్ నదుల మీద పదిహేను ప్రయాణాలు చేశారు. చిన్న పడవల్లో, రంగుల పెట్టెతో తిరుగుతూ, మొక్క ఎక్కడుంటే అక్కడే కూర్చుని బొమ్మ వేసేవారు. ఎండిన నమూనాలో పోయే రంగు ఆమె కాగితం మీద నిలిచింది. సావో పాలో వృక్షశాస్త్ర సంస్థ కోరగా బ్రెజిల్ బ్రొమీలియడ్‌ల బొమ్మలు వరసగా వేశారు. 1969లో అవి పుస్తకంగా వచ్చినప్పుడు వివరణలు రాసింది లైమన్ స్మిత్. అమెజాన్‌లో ఆమెకు దొరికిన మొక్కల్లో ఒకటి కొత్తదని గుర్తించి, నియోరెగేలియా మార్గరెటే అని పేరు పెట్టిందీ ఆయనే.

అట్లాంటిక్ అడవి నియోరెగేలియాలకూ అమెజాన్ వాటికీ మధ్య వేల కిలోమీటర్ల ఎండు నేల ఉంది. రెంటికీ పోలిక పైపైదేనని, అమెజాన్‌వి వేరే శాఖ అని 2021లో లెమి, ఆయన సహపరిశోధకులు జిజ్కా, అగిరె-సాంతోరో నిరూపించి, వాటికి హైలియేకం అనే ప్రజాతిని నిలబెట్టారు. మార్గరెట్ మీ తెచ్చిన మొక్క ఇప్పుడు హైలియేకం మార్గరెటే. ఇంటిపేరు మారినా ఆమె పేరు మారదు, నామకరణ నియమం అలాంటిది. మొదట ఆ పేరు పెట్టిన స్మిత్‌ను కుండలీకరణాల్లో ఉంచి, కొత్త ప్రజాతిలోకి మార్చినవాళ్ల పేర్లు దాని వెనక రాస్తారు.